విప్పడానికి వీలుగా బిగించు

విజయవాడ,
ఆదివారం.

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నీకు తిరుపతి సైన్స్ సెంటర్లో టెక్నీషియన్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం సగం, అనుమానం సగం. "ఎలక్ట్రానిక్స్‌లో ఐటీఐ చేసిన పిల్ల, పోయిపోయి బొమ్మలు బాగుచేసుకుంటూ కూర్చుంటుందా అన్నయ్యా?" అని అడిగింది. బొమ్మలు బాగుచేసే ఉద్యోగమే, అందులో దాపరికం ఏముంది? నా పిల్లల చదువులూ, ఇప్పుడు తింటున్న పెన్షనూ అన్నీ ఆ బొమ్మలు పెట్టినవే కదా అని చెప్పి ఫోన్ పెట్టేశాను. నువ్వేమో వాట్సాప్‌లో "మావయ్యా, ముందు ఏం నేర్చుకోవాలి?" అని ఒక్క ముక్క పడేశావు. దానికి జవాబు బొటనవేలితో కొట్టే ఓపిక నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నువ్వు వెళ్ళే ఊరి సంగతి. మీ సెంటర్‌కి బడిపిల్లలు ఎలాగూ వస్తారు. వాళ్ళు కాక దర్శనం టైముకి ఇంకా వ్యవధి ఉందనో, కొండ దిగాక రైలు రాత్రికెప్పుడో ఉందనో వచ్చేవాళ్ళు ఉంటారు. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి, అటు తమిళనాడు పల్లెల నుంచి. అలా వచ్చిన ఒక సంసారంలో పదేళ్ళ పిల్ల ఉందనుకో. మళ్ళీ జన్మలో సైన్స్ మ్యూజియం గుమ్మం తొక్కుతుందో లేదో తెలియదు. ఆ పిల్ల వచ్చిన గంటలో నీ ఎగ్జిబిట్ మీద "పనిచేయుట లేదు" అనే అట్ట వేలాడుతుంటే, వచ్చే మంగళవారానికల్లా నువ్వు దాన్ని బాగుచేసినా ఆ పిల్లకి ఒరిగేదేం లేదు. మన ఉద్యోగం మొత్తం ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. పురావస్తు మ్యూజియంలో ముక్కు విరిగినా శిల్పం శిల్పమే, చేతులు పోయినా బుద్ధుడు బుద్ధుడే. తిరగని కప్పీ మాత్రం గోడకి కొట్టిన చెక్క.

కట్టేవాళ్ళు వేరు, కాపాడేవాళ్ళు వేరు అనుకోవడం మన దగ్గర పాత జబ్బు. కొత్త గ్యాలరీ తెరిచేనాడు మంత్రిగారొస్తారు, రిబ్బను కత్తిరిస్తారు, ఫొటోలు, టిఫిన్లు. మర్నాడు పొద్దున పది గంటలకి గేటు తీస్తే రెండు బస్సుల పిల్లలు లోపలికి దూసుకొస్తారు. ఎగ్జిబిట్ బతుకు మొదలయ్యేది అప్పుడు. అందుకని పెట్టె తయారుచేస్తున్నప్పుడే ఒక ప్రశ్న వేసుకో: దీన్ని విప్పేది ఎవరు, ఎక్కడ నిలబడి విప్పాలి, చెయ్యి ఎక్కడి దాకా దూరుతుంది? మోటారు బిగించేసి, ఆ పైన ప్లైవుడ్ కొట్టేసి, దాని మీద సన్‌మైకా అతికించేసి, గోడకి ఆనించి పెట్టేసిన ఎగ్జిబిట్లు నేను ఎన్నో చూశాను. ముందునుంచి చూస్తే పెళ్ళిపందిరిలా ఉంటాయి. ఇరవై రూపాయల కార్బన్ బ్రష్ మార్చాలంటే నలుగురు మనుషులు కావాలి, రంపం కావాలి.

వెనక తలుపు ఉండాలి, దానికి గొళ్ళెం ఉండాలి. పెట్టెకి చక్రాలుంటే మరీ మంచిది. బోల్టులన్నీ వీలైనంత వరకూ ఒకే సైజు వాడు. ఒక్క ఎలన్ కీ జేబులో వేసుకుని గ్యాలరీ మొత్తం తిరిగి రాగలగాలి. కదిలే వస్తువుకి మామూలు నట్టు పెడితే అదురుకి వారంలో వదులవుతుంది, నైలాక్ నట్టు పెట్టు. ప్రతి వైరుకీ రెండు చివరలా ఒకే నంబరు వెయ్యి. సర్క్యూట్ బొమ్మ గీసి తలుపు లోపలి వైపు అతికించు, ఫైల్లో పెట్టి బీరువాలో దాచకు. మా వర్క్‌షాపులో ఒక మంచి అలవాటు ఉండేది. ఏ రిపేరు చేసినా తలుపు లోపల పెన్సిల్‌తో తారీకు, ఏం మార్చామో రెండు ముక్కలు రాసేవాళ్ళం. తలుపు తియ్యగానే మనకంటే ముందు చేసినవాడి చేతిరాత కనిపించేది. "బెల్ట్ మార్చితిని. మళ్ళీ అరిగిన యెడల పుల్లీ చూడవలెను." ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు కానీ ఆ పుల్లీ చూశాను. వంకరగానే ఉంది.

బటన్ల లెక్క ఒకటి చెప్తాను, ఇది కాగితం మీద నువ్వే వేసుకో. మంచి మైక్రోస్విచ్ పది లక్షల నొక్కుళ్ళు తట్టుకుంటుందని కంపెనీవాడు రాస్తాడు. పది లక్షలంటే మనిషికి ధీమాగా ఉంటుంది, ఇంక అది చావదేమో అనిపిస్తుంది. రోజుకి 500 మంది పిల్లలు వచ్చారనుకో. పిల్లవాడు బటన్‌ని ఒక్కసారి నొక్కి ఆగడు. లైటు వెలిగే లోపల నాలుగైదుసార్లు టకటకా కొడతాడు. అంటే రోజుకి 2,500. పది లక్షలు 400 రోజుల్లో అయిపోయాయి. ఏడాది మీద రెండో నెలలో ఆ బటన్ పోతుంది, పోయి తీరుతుంది. అది ఆదివారం సాయంత్రం రద్దీలో పోవడం కన్నా సోమవారం పొద్దున నీ చేతుల్లో పోవడం మేలు కదా. కాబట్టి తారీకు చూసి మార్చు, చచ్చేదాకా ఆగకు. వీడియోగేమ్ మిషన్లకి వాడే బొద్దు బటన్లుంటాయి చూడు, అవి కొను. అందంగా ఉండే పల్చటి స్టీలు బటన్ల జోలికి పోకు. వాటి సందులో చాక్లెట్ పాకం దిగితే అంతే సంగతులు.

ఇప్పుడు నాకు ఇష్టమైన ఎగ్జిబిట్ గురించి. వాన్ డి గ్రాఫ్ జనరేటర్. కింద మోటారు, పైన అల్యూమినియం గోళం, మధ్యలో గొట్టం లోపల రబ్బరు బెల్టు. బెల్టు తిరుగుతూ విద్యుదావేశాన్ని పైకి మోసుకుపోయి గోళం మీద పోస్తుంది. పీట మీద నిలబడ్డ పిల్ల గోళం మీద చెయ్యి పెడితే జుట్టు నిక్కబొడుచుకుంటుంది. ప్రపంచంలో ఏ సైన్స్ మ్యూజియంలోనైనా జనం దీని చుట్టూనే మూగుతారు. చలిదేశాల్లో, పొడి గాలిలో దానికి ఎదురులేదు. మన దగ్గర వానాకాలం వచ్చిందా, మొండికేసిన ఎద్దే. గాలిలో తేమ గొట్టం మీద కంటికి కనపడని పొరలా పట్టి, పైకెక్కిన ఆవేశాన్నంతా నేలలోకి జార్చేస్తుంది. మోటారు తిరుగుతుంది, బెల్టు తిరుగుతుంది, వెంట్రుక కూడా లేవదు. కొత్తవాడైతే మోటారు విప్పి కూర్చుంటాడు. మోటారుకి ఏ జబ్బూ లేదు. గొట్టాన్ని, బెల్టుని శుభ్రంగా తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో పది నిమిషాలు ఆరబెట్టు. వానాకాలమంతా పీఠం లోపల వేడెక్కే పాతకాలం బల్బొకటి వెలిగించి ఉంచు. గోళం మీద చేతి జిడ్డు, దుమ్ము ఉండకూడదు. చిన్న నలుసున్నా అక్కణ్ణుంచి ఆవేశం కారిపోతుంది. బెల్టుని ఓజోన్ తినేస్తుంది, వంచి చూస్తే సన్నని పగుళ్ళు కనిపిస్తాయి. కనిపించిన రోజే మార్చు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్ళని దగ్గరికి రానివ్వకు. ఆ బోర్డు ఎంత పెద్దదిగా పెట్టినా నోటితో కూడా అడుగు.

తిరుపతిలో దీనికి ఇంకో తంటా ఉంది. 1965లో కలకత్తా బిర్లా మ్యూజియంవాళ్ళు బస్సులో సైన్స్ ప్రదర్శన ఊరూరా తిప్పడం మొదలుపెట్టారు, తర్వాత దేశంలో మిగతా సెంటర్లూ అందుకున్నాయి. అలాంటి బస్సుతో నేనొకసారి తిరుపతి వచ్చాను. గోళం మెరిసేలా తుడిచి, బెల్టు ఆరబెట్టి, జనాన్ని పిలిచాం. వచ్చిన సంసారం సంసారమంతా గుండ్లే! తండ్రికి గుండు, కొడుక్కి గుండు, తల్లి కూడా మొక్కు తీర్చుకుంది, మూడు తలల మీదా గంధం. పిల్లాడు గోళం మీద చెయ్యి పెట్టి అద్దంలో చూసుకుంటాడు, లేవడానికి తల మీద ఏముంది? వాడి ముఖం చూడలేక టిష్యూ కాగితాన్ని సన్నని పేలికలుగా కత్తిరించి, కుచ్చులా కట్టి గోళం మీద అతికించాను. మోటారు వెయ్యగానే కుచ్చు విచ్చుకుంది, వాడు కేరింతలు. నువ్వు వెళ్ళిన రోజే పది కుచ్చులు కట్టి డ్రాయర్లో పెట్టుకో.

యాక్రిలిక్ గురించి నీకు ఐటీఐలో చెప్పి ఉండరు. మన పనిలో సగం అదే. దాన్ని అద్దంలాగే అనుకుని కొలీనో, స్పిరిటో కొట్టి తుడుస్తారు మన హౌస్‌కీపింగ్‌వాళ్ళు. పాపం వాళ్ళ తప్పు కాదు, ఎవరూ చెప్పరు. కొన్నాళ్ళకి మూలల్లో, రంధ్రాల చుట్టూ సన్నని వెంట్రుకల్లాంటి పగుళ్ళు పుడతాయి. సబ్బునీళ్ళు, మెత్తని తడిబట్ట చాలు. మనవాళ్ళు యాక్రిలిక్ ముక్కలు అతికించడానికి క్లోరోఫామ్ వాడతారు. సిరంజితో అంచు వెంబడి పోస్తే సన్నగా పాకి రెండు ముక్కలూ కరిగి ఒకటవుతాయి, చూడముచ్చటగా ఉంటుంది. కిటికీలు మూసుకుని మాత్రం ఆ పని చెయ్యకు, తల తిరుగుతుంది, కాలేయానికి చేటు. ఇంకో సంగతి. అంచు మెరవాలని మంటతో పాలిష్ చేసిన ముక్కని వెంటనే క్లోరోఫామ్‌తో అతికిస్తే ఆ అంచంతా పగుళ్ళు తేలుతుంది. మంట వల్ల లోపల బిగువు ఉండిపోతుంది, ద్రావకం తగలగానే అది బయటపడుతుంది. అతికించాల్సిన అంచుకి మంట చూపించకు, అంతే.

నువ్వు ఎప్పటికీ సైన్స్ సెంటర్లోనే ఉంటావని రాసిపెట్టి లేదు. రేపు పురావస్తు మ్యూజియంలో షోకేసులు చేసే పని పడొచ్చు. అక్కడ కదిలేదేం ఉండదు, తేలిక అనుకునేవు. అక్కడి శత్రువు కళ్ళకి కనపడడు, అదే తేడా. శాతవాహనుల నాణేల్లో చాలావాటిని సీసంతో చేశారు. వాటిని కొత్త ప్లైవుడ్ షోకేసులో, సిలికాన్ సీలెంట్‌తో బిగించిన అద్దాల వెనక పెట్టారనుకో. బజారులో దొరికే మామూలు సీలెంట్ ఆరేటప్పుడు ఘాటుగా వాసన వస్తుంది గమనించావా? అది వెనిగర్ వాసనే, ఎసిటిక్ ఆమ్లం. చెక్క నుంచీ అదే కొద్దికొద్దిగా ఊరుతుంది. మూసిన పెట్టెలో ఆ ఆవిరి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి సీసాన్ని తెల్లటి పిండిగా మార్చేస్తాయి. పూర్వం సఫేదా రంగు తయారుచేసింది ఈ కిటుకుతోనే, సీసాన్ని వెనిగర్ ఆవిరిలో మగ్గబెట్టి. దాదాపు రెండు వేల ఏళ్ళు మట్టిలో బతికిన నాణెం మనం ముచ్చటపడి చేసిన పెట్టెలో కొన్నేళ్ళకే పిండైపోతుంది. అందుకని షోకేసులకి న్యూట్రల్ క్యూర్ సీలెంట్ అడిగి కొను, లోపల లోహపు పలకలు వాడు, అతికించాక వాసన పూర్తిగా పోయేదాకా తెరిచి ఉంచు. తాటాకులకి, బట్టలకి 50 లక్స్ మించి వెలుగు పడనివ్వకు. "చీకటిగా ఉంది, ఏం కనపడటం లేదు" అని విసుక్కునేవాళ్ళు ఉంటారు. విసుక్కోనీ.

సరే, సైన్స్ సెంటర్‌కి వద్దాం. కొత్త ఎగ్జిబిట్ ఏదైనా సరే ముందు అట్టముక్కలతో, టేపుతో చేసి హాల్లో పెట్టి, దూరంగా నిలబడి చూడు. నోరు మాత్రం మెదపకు. ఇది మహా కష్టం. పిల్ల తప్పు మీట లాగుతుంటే "అది కాదమ్మా, ఇది" అనాలనిపిస్తుంది. అనకు. వంద మందిలో ఎనభై మంది అదే మీట లాగితే తప్పు నీ మీటది. స్టీరింగ్‌లా కనిపించిన ప్రతిదాన్నీ తిప్పుతారు. కూర్చునే ఎత్తులో ఉన్న ప్రతి అంచు మీదా కూర్చుంటారు. కంత కనిపిస్తే వేలు పెడతారు, వేలు పట్టకపోతే వేరుశెనగ తొక్కలు కుక్కుతారు. యూరప్‌వాళ్ళు పిల్లల ఆటస్థలాలకి రాసుకున్న ప్రమాణాల్లో 8 మిల్లీమీటర్ల నుంచి 25 మిల్లీమీటర్ల దాకా ఉన్న సందుని వేలు ఇరుక్కునే సందు అంటారు. అంతకన్నా సన్నం చెయ్యి, లేదా వెడల్పు చెయ్యి. పని అయ్యాక మోకాళ్ళ మీద కూర్చుని ఆరేళ్ళ పిల్ల ఎత్తు నుంచి ఒకసారి చూడు. మనకి పైనుంచి నున్నగా కనిపించే బల్ల, కింద నుంచి చూస్తే స్క్రూ మొనలతో నిండి ఉంటుంది. సరిగ్గా ఆ పిల్ల నుదురు తగిలే చోట.

ఈ తీరులో ఆలోచించిన మనిషి ఫ్రాంక్ ఓపెన్‌హైమర్. అణుబాంబు రాబర్ట్ ఓపెన్‌హైమర్ తమ్ముడు. తనూ భౌతికశాస్త్రవేత్తే. అమెరికాలో కమ్యూనిస్టుల వేట నడిచిన రోజుల్లో యూనివర్సిటీ ఉద్యోగం ఊడింది. కొలరాడోలో పశువులు కాసుకున్నాడు, తర్వాత అక్కడి పల్లె హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం తెరిచాడు. ఆయన చేసిన గొప్ప పని ఏమిటో తెలుసా? వర్క్‌షాపుని వెనకాల గదిలో దాచకుండా హాల్లోనే జనానికి కనిపించేలా పెట్టాడు. లేత్ తిరగడం, వెల్డింగు చెయ్యడం కూడా ఎగ్జిబిట్టే. పైగా ఎగ్జిబిట్లు ఎలా కట్టాలో కొలతలతో సహా పుస్తకాలుగా వేశారు, వంటల పుస్తకాల్లా. ఎవరైనా చూసి వండుకోవచ్చు. మన దేశంలో చాలా సెంటర్ల వర్క్‌షాపుల్లో ఆ పుస్తకాలు గ్రీజు మరకలతో నలిగి ఉంటాయి. మీ దగ్గర ఉంటే అడిగి తీసుకుని చదువు, రాత్రి సీరియల్ మానేసి అయినా సరే.

కానీ ఎక్కడో వండిన వంట మన పొయ్యి మీద అలాగే కుదరదు. ఫూకో లోలకం తీసుకో. 1851లో ఫూకో పారిస్ పాంథియాన్ గుమ్మటం నుంచి 67 మీటర్ల తీగకి 28 కిలోల గుండు వేలాడదీసి, భూమి తిరగడాన్ని జనానికి చూపించాడు. లోలకం ఊగే దిశ మెల్లగా తిరుగుతూ పోతుంది. ఎంత వేగంగా అనేది ఊరి అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. పారిస్‌లో గంటకి 11 డిగ్రీలకి పైగా తిరుగుతుంది. తిరుపతి అక్షాంశం 13 డిగ్రీల చిల్లర, అక్కడ గంటకి మూడున్నర డిగ్రీలే. ఒక చుట్టు పూర్తవడానికి నాలుగు రోజులు దాటుతుంది. పారిస్‌లో చూసి అదే నమూనా దించితే మన పిల్లలు ఐదు నిమిషాలు నిలబడి "ఏముంది, ఊగుతోంది" అని వెళ్ళిపోతారు. అప్పుడు టెక్నీషియన్ ఏం చెయ్యాలి? గుండు కింద మీటరు వ్యాసార్థంలో వలయం గీస్తే, తిరుపతిలో దాని మీద గుండు గంటకి సుమారు 6 సెంటీమీటర్లు జరుగుతుంది. సెంటీమీటరుకో పుల్ల నిలబెట్టావనుకో, పది నిమిషాలకి ఒక పుల్ల పడుతుంది. అదే పుల్లలు పారిస్‌లో మూడు నిమిషాలకొకటి పడతాయి. పుల్లలు ఇంకా దగ్గరగా, ఇంకా సన్నగా పెట్టు, రెండు మూడు నిమిషాలకొకటి పడేలా చూడు. పడేదాకా పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఈ లెక్క ఏ క్యూరేటరూ నీకు వేసి ఇవ్వడు.

లోలకం తీగ ఎక్కువగా పైన బిగించిన చోటే తెగుతుంది, వంగేది అక్కడే కాబట్టి. పారిస్‌లోనే, ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ మ్యూజియంలో ఫూకో వాడిన అసలు గుండునే వేలాడదీసి చూపించేవారు. 2010 ఏప్రిల్‌లో తీగ తెగి అది పాలరాతి నేల మీద పడింది. బాగుచెయ్యడానికి వీల్లేనంతగా సొట్టలు పోయింది. నీ సెంటర్లో వేలాడేది ఏదైనా సరే, అది లోలకం కానీ, పార్కులో పిల్లలు తమని తామే పైకి లాక్కునే కప్పీల కుర్చీ కానీ, నిచ్చెనేసుకుని ఎక్కి లెన్సుతో చూడు. తాడు మధ్యలో బాగానే ఉంటుంది, కప్పీ మీద రోజూ ఒరుసుకునే జానెడు మేరే నలుగుతుంది. దసరా, సంక్రాంతి సెలవులకి ముందు తాళ్ళు మార్చెయ్యి. బాగానే ఉన్నాయి కదా అని ఆఫీసులో అడిగితే పాత తాడులో ఆ జానెడు ముక్క కోసి బల్ల మీద పెట్టు.

కరెంటు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, ఒక్కటి తప్ప. జనం చెయ్యి తగిలే చోట 12 వోల్టులో 24 వోల్టులో మించి ఉండకూడదు. 230 అంతా తాళం వేసిన తలుపు వెనకే. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి వైరు కలిపే మహానుభావులు ప్రతి చోటా ఒకరుంటారు. సీనియర్ అయినా సరే వినకు.

పొద్దున గేటు తీసే ముందు గంట నీది. అన్నీ ఒక్కొక్కటే వేసుకుంటూ నడువు. చెవితో చూడు, ముక్కుతో చూడు. బేరింగు పోయే ముందు కూస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ పోయే ముందు వార్నిష్ వాసనేస్తుంది. గాలిలో బంతి తేలే ఎగ్జిబిట్ కుంటుతుంటే ముందు బ్లోయర్ జాలీ తీసి దుమ్ము దులుపు, తర్వాతే మోటారు సంగతి. బంతులు మాత్రం డజన్ల లెక్కన కొనుక్కో. పిల్లలు ఎత్తుకుపోతారు, ఆ ఖర్చు గురించి నేనెప్పుడూ బాధపడలేదు. రిలే టకటకలాడి ఆగిపోయిందా, లోపల బల్లి కాలి ఉంటుంది. వైరు మధ్యలో తెగిందా, ఎలుక. విదేశీ మాన్యువల్ ఫాల్ట్ పట్టికలో బల్లి ఉండదు. వైర్లు దూరే కంతలన్నీ స్టీలు పీచుతో కుక్కి మూసెయ్యి. ఇక గ్యాలరీలో రోజంతా నిలబడే గార్డులూ, ఊడ్చే అక్కలూ ఉంటారు చూడు, ఏది ఎప్పటి నుంచి మూలుగుతోందో నీకన్నా ముందు వాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళతో టీ తాగు. వాళ్ళు చెప్పింది లాగ్‌బుక్‌లో వాళ్ళ పేరు పెట్టి రాయి.

టచ్‌స్క్రీన్ల మీద నాకు మంచి అభిప్రాయం లేదు, ముసలాడి చాదస్తమనుకో. ఇంట్లో ఫోన్‌లో వేలితో జరిపేదాన్నే ఇక్కడ పెద్ద తెర మీద జరపడానికి ఇంత దూరం రావాలా? అయినా అవే వస్తున్నాయి, నువ్వు వాటినీ చూసుకోవాలి. చేసిన కంపెనీ మూతపడితే సాఫ్ట్‌వేర్ దిక్కులేనిదవుతుంది. ఎగ్జిబిట్ చేతికి అందిన రోజే హార్డ్‌డిస్క్ కాపీ తీయించు, పాస్‌వర్డులు రాయించుకో. టెండర్‌లో తక్కువ కోట్ చేసినవాడికే పని పోతుంది, దాన్ని నువ్వూ నేనూ మార్చలేం. స్పెసిఫికేషన్ రాసేటప్పుడు నిన్నడిగితే మాత్రం విడిభాగాలు కూడా అందులోనే కలిపించు. తర్వాత విడిగా కొనాలంటే ఫైలు కదలడానికి పట్టే కాలంలో కొత్త ఎగ్జిబిట్ కట్టొచ్చు.

ఆడపిల్లవని వర్క్‌షాపులో మొదట నీకు సోల్డరింగూ, లేబుళ్ళు అతికించడమూ ఇస్తారు. చెయ్యి. చేస్తూనే లేత్ నేర్పమని అడుగు, వడ్రంగి పని దగ్గర నిలబడు. ఎగ్జిబిట్‌కి చెక్క, ఇనుము, కరెంటు అని కులాలు లేవు. డ్రిల్లింగ్ మిషన్ దగ్గరికి చున్నీతో వెళ్ళకు, జడ ముడేసుకో, చెప్పులతో అసలు వెళ్ళకు. నవ్వేవాళ్ళు నవ్వుతారు. మిషన్‌కి ఆడా మగా తెలియదు, దొరికిన కొసని లాగేస్తుంది.

పేరు రాదని ముందే చెప్తున్నాను. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ గడియారం చూశావు కదా, చిన్నప్పుడు నా భుజమెక్కి చూశావు. గంటగంటకీ గడ్డపు బొమ్మ బయటికొచ్చి గంటలు కొట్టి లోపలికి పోతుంది. ఎదురుగా జనం కాచుక్కూర్చుని చూస్తారు. ఆ కంపెనీ పేరు అందరికీ తెలుసు, కొని తెచ్చిన నవాబుల పేరు మ్యూజియానికే ఉంది. ఇన్నేళ్ళుగా దానికి నూనె వేసి, దుమ్ము తుడిచి, టైము తప్పకుండా ఆ బొమ్మని బయటికి రప్పిస్తున్నవాళ్ళ పేర్లు నీకేమైనా తెలుసా? నాకూ తెలియవు. ఇది నచ్చదనుకుంటే ఇప్పుడే చెప్పు, మీ అమ్మకి నేను సర్దిచెప్తాను.

ట్రైనింగ్‌కి కలకత్తా పంపితే తప్పకుండా వెళ్ళు. సాల్ట్‌లేక్‌లో 1993 నుంచి సైన్స్ మ్యూజియంల వాళ్ళ కేంద్ర లేబొరేటరీ ఉంది. గురుసదయ్ రోడ్డులో 1959 నాటి బిర్లా మ్యూజియంలో నమూనా బొగ్గుగని దిగి చూడు, తేమని ఎలా ఆపుతున్నారో అడుగు. ఈలోగా వారం సెలవు రోజున బస్సెక్కి బెంగళూరు పోయి, కస్తూర్బా రోడ్డు విశ్వేశ్వరయ్య మ్యూజియం చూసి రా. అందరూ ముందునుంచి చూస్తుంటే నువ్వు వెనక్కి వెళ్ళి వంగి కీళ్ళు, బోల్టులు చూస్తావు కాబట్టి గార్డు అనుమానపడతాడు. ఐడీ కార్డు చూపించి వర్క్‌షాపువాళ్ళని కలవాలని అడుగు. మన జాతివాళ్ళే, తలుపు తీసి చూపిస్తారు. వైర్లకి నంబర్లు వేసున్నాయో లేదో, తలుపు లోపల పెన్సిల్‌తో ఏం రాసుకున్నారో చూసి నాకు రాయి. వాట్సాప్‌లో వద్దు, కాగితం మీద.

అమ్మని, నాన్నని అడిగానని చెప్పు. అత్తయ్య నీకోసం జంతికలు చేసింది, నువ్వు తిరుపతి చేరాక ఎవరైనా కొండకి వస్తే పంపిస్తాను.

ఇట్లు,
మావయ్య